ఎర్రగుట్టకు సరిపోయిన బోరు

పాల్వంచలో స్పేర్ పార్టుల షాపు పెట్టిన పదకొండేళ్లలో నాకు అమ్ముడుపోని వస్తువంటూ లేదు, ఒక్క రేసు కిట్టు తప్ప. టూ స్ట్రోక్ బండికి ఉన్న బోరు, అదే సిలిండరు, ఊడదీసి ఆ చోట బిగించే పెద్ద బోరు, అందులో ఆడే లావు పిస్టన్, రింగులు, హెడ్డు, అన్నీ ఒకే డబ్బాలో వస్తాయి. నేనే ముచ్చటపడి పుణె నుంచి తెప్పించి, అద్దాల బీరువాలో ఎర్రగుడ్డ పరిచి పెట్టాను. చూసినవాళ్లంతా దాన్ని ముట్టుకుని, మెచ్చుకుని, ఒక ప్లగ్గు కొనుక్కుని వెళ్లిపోయేవారు. ఏడాది గడిచింది. అందుకే తొంభై రెండు జనవరిలో ఒక శనివారం పొద్దున్నే లాల్‌సింగ్ వచ్చి "సేటు, మా బండికి పెద్ద బోరు కిట్టు కావాలె" అన్నప్పుడు నాకు దేవుడు ఎదురొచ్చినట్టయింది.

లాల్‌సింగ్ థర్మల్‌లో, బొగ్గు ప్లాంటులో షిఫ్టు పని చేస్తాడు. ఆరడుగుల మనిషి. పినపాక దగ్గర తండా వాళ్లది. షిఫ్టున్న రోజుల్లో ఇక్కడ కంపెనీ క్వార్టరులో ఉంటాడు, సెలవులకు తండాకు పోతాడు. భార్య సక్రి అక్కడే సబ్‌సెంటర్‌లో నర్సు. ఎర్రగుట్టకు అవతల అడవిలో ఉన్న నాలుగు కోయగుంపులు, అంటే చిన్న చిన్న గూడేలు, ఆమె కిందికే వస్తాయి. ప్రతి బుధవారం ఐసు ముక్కలు పెట్టిన మందుపెట్టె పట్టుకుని ఆ గుంపుల్లో పిల్లలకు సూదులు వేయాలి, చుక్కలు పోయాలి. లాల్‌సింగ్ చెప్పిన సంగతి ఇది.

"దీపావళి దాటినకాడికెల్లి బండి గుట్ట ఎక్కుతలేదు సేటు. సగంల దిగి నూకాలె. నూకుకుంట పోయేసరికి రెండు గంటలు పోతయ్. మూడు గుంపులు అయ్యేసరికి పెట్టెల ఐసు కరుగుతది. ఐసు కరిగితే మందు పారబోసుడే. నాలుగో గుంపుల తల్లులు మూడు బుధవారాలు పిల్లల్ని ఎత్తుకొచ్చి ఉత్తగ ఎదురుజూసి పోయిన్రు. ఈ బుధవారం గూడ పోకపోతే ఇగ వాళ్లు పిల్లల్ని తీస్కరారు. నర్సమ్మ మాట నీటి మీది రాత అంటున్నరంట."

విషయం నాకు అర్థమైంది. శనివారం నుంచి బుధవారానికి నాలుగు రోజులు. నేను ఇంకేం ఆలోచించకుండా బీరువా తాళం తీసి రేసు కిట్టు బల్ల మీద పెట్టాను. గుట్ట కాదు కదా, దీంతో గోడ కూడా ఎక్కుతుందని చెప్పాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నాకు పేరుంది. ఆ రోజు కూడా ఆ పేరు నిలబెట్టుకున్నాను. లాల్‌సింగ్ ఆ బోరును రెండు చేతుల్తో ఎత్తి, లోపలికి చూసి, నవ్వాడు. బేరం అయిపోయినట్టే అనుకున్నాను.

కానీ బోరు బిగించాల్సింది నేను కాదు, పక్క రేకుల షెడ్డులో ఉన్న షుకూర్ భాయ్.

షుకూర్ భాయ్ గురించి ఒక మాట చెప్పాలి. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్లుంటాయి. తండ్రి తాతల కాలం నుంచి వాళ్లది ఖమ్మంలో తాళాలు, తుపాకులు బాగుచేసే ఇల్లు. ఈయన మాత్రం ఇంజన్ల మీద మనసు పడి ఇక్కడికొచ్చాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఎవరేం సామాను తెచ్చినా, ఎంత తొందరలో ఉన్నా, ముందు ఇంజను విప్పి పాత పిస్టన్ అరచేతిలో పెట్టుకుని చూస్తే గానీ కొత్తది ముట్టుకోడు. తిప్పి చూస్తాడు, గోటితో గీకుతాడు, వాసన చూస్తాడు. ఆ తర్వాత నువ్వు బండిని ఎట్లా నడుపుతావో, ఎక్కడ నడుపుతావో, పెట్రోలు ఎక్కడ పోయిస్తావో జాతకం చెప్పినట్టు చెప్తాడు. ఈ పద్ధతి వల్ల నాకు చెడిపోయిన బేరాలు లెక్కలేనన్ని. అయినా ఆయన పక్కన షాపు పెట్టుకున్నందుకు నేను ఒక్కరోజు కూడా బాధపడలేదు. పనిమంతుణ్ణి పని చేస్తుండగా చూడటం ఒక భాగ్యం, అది అందరికీ దొరకదు.

లాల్‌సింగ్ బండి కూడా ఆయన చేతి పనే. కొన్నప్పుడు అది మామూలు వంద సీసీ టౌను బండి. షుకూర్ భాయ్ దాని సైలెన్సర్ ఎత్తి పక్కకు కట్టాడు. బురద పట్టకుండా ముందు మడ్‌గార్డును టైరుకు జానెడు పైన బిగించాడు. వెనక గళ్ల టైరు వేసి, చైను చక్రం పెద్దది మార్చి అడవి బండి చేశాడు. ఆ బండి షెడ్డు ముందు ఆగగానే పెళ్లయి అత్తారింటికి పోయిన బిడ్డ తిరిగొచ్చినట్టు దాన్ని ఒకసారి నిమిరి, పానా తీసుకున్నాడు.

హెడ్డు విప్పి, బోరు పైకి లాగి, పిస్టన్ తీశాడు. అరచేతిలో పెట్టుకున్నాడు. పిస్టన్ మీద మామూలుగా నల్లటి మసి ఉంటుంది. దీని మీద మసి కింద బెల్లంపాకం రంగులో జిగురు పొర పట్టి ఉంది. పై రింగు దాని గాడిలోనే ఇరుక్కుపోయి కదలడం లేదు. ఆయన గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని నా ముక్కు దగ్గర పెట్టాడు.

నాకు ఇప్పనూనె వాసన వచ్చింది. మా అమ్మమ్మ ఊళ్లో ఇప్పగింజల నూనెతో పిండివంటలు చేసేవాళ్లు. ఆ వాసన నేను మరిచిపోను.

"లాల్‌సింగ్, టూటీ ఆయిల్ ఏడ కొంటవ్?" అని అడిగాడు షుకూర్ భాయ్. టూ స్ట్రోక్ బండికి పెట్రోల్లోనే కలిపి పోసే నూనె అది.

"సేటు దగ్గరనే. ఎప్పుడైన ఈడనే."

"మరి ఇప్పనూనె ఎందుకు పోసినవ్?"

లాల్‌సింగ్ తెల్లబోయాడు. "ఇప్పనూనె ఏంది భాయ్? నేనెందుకు పోస్త?"

నిజంగానే తెలియదని ఆ మొహం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. షుకూర్ భాయ్ లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. క్లచ్చి లివర్‌ను చేతికి దగ్గరగా తీగతో లాగి కట్టారు. సీటు లోపలి స్పాంజి ముందు వైపు కోసి ఎత్తు తగ్గించారు. అవన్నీ అంతకుముందే మా కళ్ల ముందున్నాయి, కానీ నేను చూడలేదు. ఆయన వచ్చి లాల్‌సింగ్ పక్కన కూర్చున్నాడు.

"బండి నువ్వు తోల్తలేవు బేటా. ఎవరు తోల్తున్నరు?"

లాల్‌సింగ్ నేలను చూస్తూ చెప్పాడు.

"సక్రి తోల్తది భాయ్. ఏడాది నుంచి. బుధవారం నాకు ఎప్పుడూ షిఫ్టే ఉంటది. కిరాయికి ఎవర్నన్న పెడితే గుట్ట చూసి పారిపోతున్నరు. నేర్పు అన్నది, నేర్పిన. నాకంటె మంచిగనే తోల్తది. తెలిస్తే నవ్వుతరని మీకు గూడ నేనే తోల్తున్న అన్నట్టు చెప్పుకుంట వచ్చిన."

నేను నవ్వలేదు. నవ్వొచ్చింది, కానీ షుకూర్ భాయ్ నా వైపు చూసిన చూపుకు అది లోపలికే పోయింది.

"ముందుగల్ల చెప్పాలె గదా," అన్నాడాయన నెమ్మదిగా. "బోరు బండికి ఎయ్యం. తొక్కేటోళ్లకు ఎస్తం. నీ కాలుకు సరిపోయేది ఆమె కాలుకు సరిపోదు. రేపు పొద్దున ఆమెను తీస్కరా. అప్పటిదాక నేను ఏ కిట్టూ ముట్ట."

రేసు కిట్టు తిరిగి ఎర్రగుడ్డ మీదికి పోయింది. నాకు కోపం వచ్చిన మాట వాస్తవం.

ఆదివారం మొదటి బస్సుకు సక్రి వచ్చింది. అయిదడుగులు కూడా ఉండదేమో, సన్నటి మనిషి. చీర కుచ్చిళ్లు బిగించి దోపుకుంది, కాళ్లకు కాన్వాసు బూట్లు. ఆ మనిషి ఎర్రగుట్ట మీద బండి నడుపుతుందంటే నేను నమ్మలేదు. వచ్చీ రాగానే భర్తతో వాళ్ల లంబాడీ మాటల్లో ఏదో గట్టిగా అంది. నాకు ఆ భాష రాదు. కానీ లాల్‌సింగ్ తల వంచుకున్న తీరును బట్టి, దాచినందుకు తిట్టిందని తెలిసింది.

షుకూర్ భాయ్ పిస్టన్ ఆమె చేతిలో పెట్టాడు. "ఇది ఏం జేసినవ్ బేటీ?"

ఆమె వాసన చూసి వెంటనే ఒప్పుకుంది. "నేనే పోసిన చాచా. దీపావళికి ముందు ఒకనాడు ఆయిల్ డబ్బా మూత ఊడి దారిల అంత ఒలికింది. పెట్రోలు సీసా ఉన్నది గని ఆయిల్ లేదు. నాలుగో గుంపుల జంపక్క అని ఒక పెద్దమ్మ ఉంటది. మందు తీస్కపోకున్న నన్ను కూసోబెట్టి జావ పోస్తది. ఆమె ఇప్పనూనె తెచ్చి ఇచ్చింది. దీపానికి ఇదే, కూరకు ఇదే, కీళ్ల నొప్పికి ఇదే, నీ గుర్రానికి ఎందుకు పనికిరాదు, పొయ్యి అన్నది. పోసిన. బండి ఇంటికి తెచ్చింది. తర్వాత గూడ అవసరం పడ్డప్పుడు మూడు సార్లు పోసిన. తప్పైందా?"

అడవిలో ఉండేవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఈ తప్పు చేయాలన్న ఊహే రాదు. షుకూర్ భాయ్ తిడతాడని నేను ఎదురుచూశాను. ఆయన నవ్వాడు. నేను చూసిన నవ్వుల్లో అంత సంతోషమైన నవ్వు ఇంకోటి లేదు.

"ఆ దినం నూనె లేకుండ వట్టి పెట్రోలుతోటి వస్తె పిస్టన్ ఆడ్నే పట్టేసేది. అడివిల నడుసుకుంట వచ్చేదానివి. జంపక్క నీ బండిని కాపాడింది, సలాం చెప్పు ఆమెకు. గని ఇప్పనూనె చలికి నెయ్యి లెక్క గడ్డ కడ్తది. పొద్దున్నె పైపుల గడ్డ కడితే బండి దగ్గుతది. కాలినంక జిగురై రింగును పట్టేస్తది. ఒక్కసారి మందు, నాలుగుసార్లు విషం."

మరి శుభ్రం చేసి అదే వేసేస్తే పోదా అని లాల్‌సింగ్ అడిగాడు. షుకూర్ భాయ్ బోరు ఎత్తి చూపించాడు. అప్పటికే మూడుసార్లు లోపల చెక్కి పెద్ద పిస్టన్లు వేసిన బోరు అది. గోడ పలచబడిపోయింది, ఇంకోసారి చెక్కడానికి ఇనుము లేదు. కొత్తది వేయాల్సిందే. అది విని నాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా షాపులోకి పోయి ఉన్నవన్నీ తెచ్చి గోనెపట్టా మీద పరిచాను. బండితో వచ్చిన పాత సైజులోనే కొత్త బోరు, దానికంటే కొంచెం లావుగా మద్రాసు నుంచి వచ్చిన నడిమి కిట్టు, అన్నిటికంటే మెరుస్తూ నా రేసు కిట్టు.

"పెద్దదే ఎయ్యి భాయ్," అన్నాను. "ఈమె కష్టం చూస్తున్నవ్ గదా."

"అవ్ భాయ్, పెద్దదే," అన్నాడు లాల్‌సింగ్.

షుకూర్ భాయ్ మా ఇద్దరితో వాదించలేదు. "రేసు కిట్టు పట్టాలంటె ఇంజను మూతి కోసి వెడల్పు జెయ్యాలె. కోసినంక వద్దంటె మళ్ల అతకది. అందుకే ముందు తొక్కి చూడాలె," అని షెడ్డు మూలకు చూపించాడు. అక్కడ ఒక టింబర్ కాంట్రాక్టర్ బండి సర్వీసుకు వచ్చి ఉంది. దానికి అలాంటి పెద్ద బోరే ఉంది. "బేటీ, దాన్ని కిక్ కొట్టు."

సక్రి పోయి బండి పక్కన నిలబడి కిక్ రాడ్డు మీద కాలు పెట్టి ఒంటి బరువంతా వేసింది. రాడ్డు సగం దాకా దిగి ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. ఈసారి ఇంజను ఎదురు తన్నింది. రాడ్డు ఎగిరి ఆమె పిక్కకు తగిలింది. నాకు కళ్లు మూసుకోవాలనిపించింది. లాల్‌సింగ్ ముందుకు రాబోతే చేత్తోనే ఆగమని సైగ చేసింది. కాలు రుద్దుకుని, బండిని కొంచెం వంచి, రాడ్డును ఎక్కడ పట్టేస్తుందో అక్కడిదాకా నెమ్మదిగా దించుకుని, అప్పుడు ఎగిరి కొట్టింది. అయిదోసారికి స్టార్టయింది. ఆపకుండా ఎక్కి కూర్చుని, థర్మల్ రోడ్డు మీదికి తీసింది. పావుగంట తర్వాత తిరిగొచ్చి దిగింది. ఆ బండి నడిపిన పద్ధతి చూశాక, నేను ముందు రోజు నవ్వబోయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఉరికినంక మస్తుంటది చాచా," అంది. "గాలి లెక్క పోతది. గని మెల్లగ పోతె బలం లేదు, గొంతు పట్టుకున్నట్టు అయితది. గుట్ట మీద ఉరుకుడు ఏడుంటది? రాయి చూసి, తప్పించి, రాయి చూసి, తప్పించి పోవాలె. నడుమ బంద్ అయితె, వెనక పెట్టె కట్టుకోని ఏటవాలుల నేను దీన్ని అయిదుసార్లు తన్నలేను."

షుకూర్ భాయ్ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ఏడాదిగా నేను ఎర్రగుడ్డ మీద దాచుకున్న కిట్టు గుణం ఆమె పావుగంటలో చెప్పేసింది.

తర్వాత ఆయన మూడు బోర్లనూ ఆమె ముందు పెట్టి లోపలి గోడల్లో ఉన్న కిటికీలు చూపించాడు. పొగ పోయే కిటికీ ఒకటి, పెట్రోలు గాలి వచ్చేవి రెండు. రేసు బోరుకు పొగకిటికీ బాగా పైకి ఉంది. నడిమి దానికి కిందికి ఉంది. ఆమె వేలితో తడిమి కొలుచుకుంది. సూదులు వేసే వేళ్లు అవి, తేడా ఠక్కున పట్టేశాయి.

"కిటికీ పైకి ఉంటె పొగ తొందరగ పోతది. దాంతోటి బలం గూడ పోతది. అంతేనా?"

"అంతే బేటీ. ఇరవై ఏండ్లు పని చేసినోళ్లకు గూడ ఇంత జల్దీ సమజ్ కాదు."

"పాతది కిక్‌కు అల్కగ ఉంటది. అదెందుకు వద్దు?"

"పెట్టె బరువుకు చాలదు. నడుమ దిగి నూకుడు ఉంటనే ఉంటది."

ఆమె మూడింటినీ ఒక్కొక్కటిగా ఎత్తి మళ్లీ చూసింది. చివరికి నడిమి కిట్టును తన వైపు జరుపుకుంది. షుకూర్ భాయ్ రాగి రేకు తీసి, హెడ్డు కింద వేసే ప్యాకింగు మామూలు కంటే కొంచెం మందంగా కోశాడు. దానివల్ల లోపలి ఒత్తిడి కాస్త తగ్గి కిక్ తేలిగ్గా పడుతుందట. సాయంత్రానికి బోరు ఎక్కింది. సక్రి కిక్ కొట్టింది, రెండోదానికి పలికింది. ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు కానీ, చెయ్యి మాత్రం ట్యాంకు మీదనుంచి తీయలేదు.

అయితే ఒక చిక్కు మిగిలింది. కొత్త బోరుకు మొదట్లో బరువు మోయించకూడదు. రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లగా తిప్పి, పిస్టన్ గోడకు అలవాటు పడ్డాకే గుట్ట ఎక్కించాలి. బుధవారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. లాల్‌సింగ్‌కు షిఫ్టు, సక్రికి డ్యూటీ. అప్పుడు షుకూర్ భాయ్ చేసిన పని నేను జీవితంలో మరవను. షెడ్డుకు తాళం వేసి, మఫ్లరు చుట్టుకుని, సోమవారం తెల్లవారగానే తానే బండెక్కాడు.

"రేపు నువ్వు గూడ ఎక్కాలె సేటూ," అన్నాడు నాతో.

"నేనెందుకు?"

"మొదటి రోజు ఖాళీగ తిప్పుత. రెండో రోజు కొంచెం బరువు అలవాటు జెయ్యాలె. దేవుడు నీకు ఇచ్చింది అదొక్కటే గదా."

సోమవారం తప్పించుకున్నాను. మంగళవారం తప్పలేదు. కిన్నెరసాని దాకా, అక్కణ్ణుంచి భద్రాచలం రోడ్డు మీద సారపాక దాకా, మళ్లీ వెనక్కి, ఎడ్లబండి కూడా మమ్మల్ని దాటిపోయే వేగంతో తిరిగాం. దారిలో తెలిసినవాళ్లు కనిపించి, గుడ్డి గుర్రాలకు పళ్లు తోముతున్నారా అని అడిగారు. ఆయన ఎవరికీ బదులు చెప్పలేదు. ప్రతి గంటకూ ఆపి, ఇంజను చల్లబడేదాకా చెట్టు కింద కూర్చుని, ప్లగ్గు విప్పి రంగు చూసి, మళ్లీ బిగించాడు. రెండో రోజు సాయంత్రం ఆయన నడుము పట్టేసి దిగలేకపోతే నేను పట్టుకుని దించాను. తనది కాని బండి, తనకేమీ కాని పిల్లలు. మనిషంటే ఇట్లా ఉండాలి అని నాకు ఆ క్షణాన గట్టిగా అనిపించింది. పైకి మాత్రం నా వెన్నెముక విరిగిందని సణిగాను.

ఆ సాయంత్రమే బండి పినపాక చేర్చి, రాత్రి లాల్‌సింగ్ వాళ్ల తండాలో పడుకున్నాం. అతను కూడా సెలవు పెట్టి వచ్చాడు. బుధవారం పొద్దున సక్రి తెల్లచీర కట్టుకుని, మందుపెట్టెను వెనక రబ్బరు ట్యూబుతో బిగించి కట్టుకుంది. మేం ముగ్గురం ఆమె కంటే ముందే నడిచి ఎర్రగుట్ట మొదట్లో ఫారెస్టు వాళ్ల హద్దురాయి దగ్గర నిలబడ్డాం. గుట్టంతా ఎర్రమట్టి, గుండ్రాళ్లు. దారి మూడు మలుపులు తిరిగి చెట్లలోకి పోతుంది.

ఆమె మమ్మల్ని చూసి ఆగలేదు. తల ఊపి వెళ్లిపోయింది. మొదటి మలుపులో తెల్లచీర కనిపించింది, తర్వాత శబ్దమే. షుకూర్ భాయ్ కళ్లు మూసుకుని విన్నాడు.

"సెకండ్ గేర్ల ఉన్నది. మంచిది. ఇగో, ఫస్టుకు దించింది. తొందర పడ్తలేదు. శభాష్."

రెండో మలుపు దాటింది. ఇంజను ఒకే గొంతుతో లాగుతూ పైకి పోతోంది. ఇంతలో చప్పుడు తెగిపోయింది. అడవి ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపించింది. లాల్‌సింగ్ పైకి పరుగు తీయబోయాడు. షుకూర్ భాయ్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. ఆమె బండి ఆమె చూస్కుంటది."

నేను లోపల లెక్కపెట్టాను. ఎంతదాకా లెక్కపెట్టానో గుర్తు లేదు. షుకూర్ భాయ్ వేళ్లు లాల్‌సింగ్ చేతి మీద తెల్లగా బిగిసిపోయాయి. అప్పుడు పైనుంచి ఇంజను మళ్లీ పలికింది. ఒకసారి గట్టిగా అరిచి, తగ్గి, లాగుతూ లాగుతూ గుట్ట అవతలికి పోయి సన్నగిల్లింది. లాల్‌సింగ్ హద్దురాయి మీద కూర్చుండిపోయాడు. అతను ఏడుస్తుంటే నేను చూడనట్టు నటించాను.

మూడు గంటలకు రావాలి ఆమె. నాలుగైంది, రాలేదు. షుకూర్ భాయ్ కూడా అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. రాగిరేకు మందం సరిపోయిందో లేదో అని తనలో తను గొణిగాడు. అయిదు దాటుతుండగా చప్పుడు వినిపించింది. ఆమె మెల్లగా దిగి వచ్చి మా ముందు బండి ఆపింది. మోచేతి దాకా ఎర్రదుమ్ము. చీర అంచు ఒకచోట చిరిగింది.

"ఎన్నిసార్లు ఆగింది?" షుకూర్ భాయ్ మొదటి మాట అదే.

"రెండుసార్లు చాచా. రాయి అడ్డమొస్తె నేనే ఆపిన. రెండుసార్లు నేనే కిక్ కొట్టిన. ఎక్కడా దిగి నూకలే."

"మరి ఇంత లేటేంది?" అన్నాడు లాల్‌సింగ్.

ఆమె కట్టు విప్పి పెట్టె కింద పెట్టి, నీళ్లు తాగింది. నాలుగో గుంపుకు ఎండ నడినెత్తికి రాకముందే చేరిందట. తల్లులు అయిదుగురే వచ్చారు, మిగతావాళ్లు నమ్మకం పోయి రాలేదు. ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చి అందరికీ వేసింది. చూస్తే పెట్టెలో ఐసు ఇంకా సగం ఉంది.

"జంపక్కతోని అన్న, మందు మిగిలింది, పారబోస్తె పాపం తాకుతది అని. ఆమె అన్నది, వాగు అవతల ఇంకో గుంపు ఉన్నది, ఎనిమిది ఇండ్లు, ఇప్పటిదాక ఎవ్వరూ పోలే, దారి నేను చూపిస్త అని. వెనక కూసోబెట్టుకోని పోయిన. తొమ్మిది మంది పిల్లలు చాచా. ఒక్కరికి గూడ ఒక్క సూది పడలే. నా రిజిస్టర్ల ఆ ఊరి పేరే లేదు. నేనే కొత్త పేజీ తీసి రాసిన."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు. షుకూర్ భాయ్ వంగి, ఇంకా వేడిగా ఉన్న బోరు దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. ప్లగ్గు విప్పి రంగు చూడటం కూడా మరిచిపోయాడు.

"చాచా, ఒకటి అడుగుత," అంది సక్రి. "ఈ బోరు ఎన్నేండ్లు వస్తది?"

"ఆయిల్ సరిగ్గ కలిపితె అయిదేండ్లకు ఢోకా లేదు. ఎందుకు?"

ఆమె వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. "వాగు అవతల ఒక పసిపిల్ల ఉన్నది, నెలన్నర పిల్ల. ఇయ్యాల మొదటి చుక్కలు పడ్డయ్. ఆమెకు ఆఖరి సూది అయిదేండ్లు నిండినంక ఉంటది," అని బండి స్టాండు ఎత్తింది. "అప్పటిదాక వస్తె చాలు."